రెండో చరణం తర్వాత

"బీరువాల్లాంటివి రెండు తెచ్చి హాల్లో నిలబెట్టారేమిటండీ!"

స్కూల్లో గుమాస్తా పని ముగించుకుని వచ్చిన ఆవిడ, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బీరువాలు కావు, స్పీకర్లు. ఇంకా కొనలేదులే. విని చూసి నచ్చితేనే," అన్నాడు భర్త. తన కళ్లజోళ్ల షాపుకి మధ్యాహ్నమే తాళం వేసి వచ్చేశాడు. స్పీకర్ల షాపతను నేల మీద చతికిలబడి వైర్లు బిగిస్తున్నాడు.

"ఎంతట?"

భర్త కిటికీలోంచి బయటికి చూశాడు. ధర షాపతనే చెప్పాడు.

"అమ్మో! ఆ డబ్బు పెడితే మేడ మీద ఓ గది లేస్తుంది. కళ్లజోళ్లు అమ్మే మనిషికి ఉన్నట్టుండి చెవుల మీదికి పోయిందేమిటి ధ్యాస? బాబూ, ఆ వైర్లు విప్పేసి తీసుకుపో."

"ఒక్కసారి వినండి మేడమ్. వీటిలో పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది."

"ఊపిరి వినడానికి ఇంత ఖర్చెందుకు? రాత్రి మా ఆయన పక్క గదిలో పడుకో. వద్దన్నా వినిపిస్తుంది."

షాపతను తల వంచుకుని నవ్వాపుకున్నాడు. భర్త నవ్వలేదు. చొక్కా జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి చూపించాడు.

"ఇందులో నీ పాట ఉంది. పాత క్యాసెట్లోంచి ఎక్కించాను."

ఆవిడ మొహంలో పరాచికం చప్పున ఆరిపోయింది. "ఆ అరిగిపోయిన క్యాసెట్టా? దాన్లో ఏముందని?"

"నువ్వున్నావు. పాట మానేసి ఇరవై రెండేళ్లు. గొంతు పోయిందన్నావు, కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఓ డాక్టరుకైనా చూపించలేదు. ఒక్కసారి పాడవే అని కూడా అడగలేదు. ఆ డొక్కు టేపులో నీ గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చచ్చేలోగా సరిగ్గా ఒక్కసారి వినాలనుంది."

"వద్దండీ."

"మళ్లీ డబ్బు సంగతేనా?"

"కాదు. కావాలంటే ఇవి కొనుక్కోండి, కాదనను. వార్తలు పెట్టుకోండి, సినిమా పాటలు పెట్టుకోండి. అది మాత్రం పెట్టకండి."

"ఇంతలో మేడ మీద గది ఏమైపోయిందోయ్? సిగ్గా? ఈ వయసులోనా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు వినిపించింది.

"పెట్టండి," అన్నాడు భర్త.

పాట మొదలైంది. ఆయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. గోడ దగ్గర పాతికేళ్ల పిల్ల కూర్చుని పాడుతున్నట్టే ఉంది. గాజులు కదలడం, ఫ్యాను కిర్రుమనడం, ఎక్కడో సైకిల్ బెల్లు... అన్నీ వినిపిస్తున్నాయి. మొదటి చరణానికే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది రికార్డు చేసిన రోజు మా అక్క వచ్చింది," అన్నాడు షాపతనితో మెల్లగా. "పాడమని కూర్చోబెట్టింది తనే. వింటున్నారా? ఇదీ గొంతంటే!"

రెండో చరణం అయిపోయింది. మూడోది ఎత్తుకునే ముందు ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుంది. పాత టేపులో ఆ చోట ఎప్పుడు విన్నా బుస్సుమనే చప్పుడే. ఇప్పుడా ఊపిరి వెనకాల రెండు గొంతులు గుసగుసలాడాయి.

"ఏరా, మరదలు ఎంత బాగా పాడుతోందిరా!" అక్క గొంతు.

"ఏం బాగులే అక్కా. గొంతు కీచురాయిలా ఉంటేనూ. ఏదో, మొహమాటానికి బాగుందంటున్నా."

రెండోది ఓ కుర్రవాడి గొంతు. తన గొంతే.

మూడో చరణం మొదలైంది. ఆయన ఒక్క ముక్క వినలేదు.

ఆ పాట విన్న రోజు రాత్రి తనకి నిద్ర పట్టలేదని ఆయనకి గుర్తే. అంత నచ్చింది. కానీ అక్క ముందు పెళ్లాన్ని మెచ్చుకోవడం నామోషీ. కొంగు పట్టుకు తిరుగుతున్నాడని నలుగురికీ చెప్పి నవ్వుతుందని భయం. నోటికొచ్చింది అనేశాడు, అనేసి మరిచిపోయాడు.

పాట అయిపోయింది. షాపతను వైరు వంక చూస్తూ కూర్చున్నాడు.

"తీసుకెళ్లిపోండి," అన్నాడు ఆయన.

"బాగా లేవా సార్?"

"బాగానే ఉన్నాయి. అన్నీ వినిపిస్తున్నాయి."

షాపతను ఒక స్పీకరు భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. కుళాయి ఆగింది. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన తలెత్తలేకపోయాడు.

"అది నిజం కాదే. నీ పాటంటే నాకు ప్రాణం. అక్క ఏమనుకుంటుందోనని... ఉత్తినే..." కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నాడు. "నయం, గుసగుసగా అన్నాను. పాట ధ్యాసలో ఉన్నదానివి. నీకేం వినిపించలేదు కదూ?"

"మైకుకి వినిపించింది కదండీ," అంది ఆవిడ. "ఆ మైకు పట్టుకున్నది నేనే."