నొప్పి తెలియని చేయి

ట్రేలో రెండు గొట్టాలు, సూది, దూది, రబ్బరు పట్టీ సర్దుకుని ఆమె గదిలోకి వచ్చేసరికి మొగుడు మంచానికి అవతలి వైపు నిలబడి ఉన్నాడు.

"పరగడుపునే ఉన్నావుగా?"

"నేనివ్వను."

ఆమె నవ్వేసింది. జిమ్‌లో ఊరి కుర్రాళ్లందరి చేతా బరువులెత్తించే మనిషి అతను. వీధిలో అందరికీ కండల మాస్టారు. ఆమె పని ల్యాబులో రక్తం తీయడం. అందుకే మొదటిసారి కలిసిన రోజు అతని ముఖం కంటే ముందు మోచేతి మీద తేలిన నరాలే చూసింది. "కళ్లు మూసుకుని గుచ్చినా దొరుకుతాయే" అని స్నేహితురాలితో చెప్పి పడీపడీ నవ్వింది.

పెళ్లై ఏడాది కాలేదు. ఆమె టిఫిను డబ్బా మూత కింద అతను రోజూ ఒక పిచ్చిబొమ్మ గీసి పెట్టేవాడు. ఏనుగు వేస్తే పందికొక్కులా ఉండేది. అది చూసుకుని ఆమె సాయంత్రం దాకా మురిసిపోయేది. పడకగది తలుపు మూశాక మాత్రం ఆ మనిషి వేరు. ప్రయత్నించి, ఓడి, అలసటని చెప్పి గోడవైపు తిరిగేవాడు.

చివరికి ఆమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"అక్కడి రక్తనాళాలు సన్నవి బాబూ" అన్నాడు డాక్టరు. "పూడిక మొదలైతే ముందు అక్కడే బయటపడుతుంది. గుండె నాళాలు లావు, వాటి వంతు తరువాత వస్తుంది. రక్తంలో చక్కెర, కొవ్వు, నాళాల వాపు చూడాలి. సిగరెట్టు ఇవాళే మానెయ్."

బయటికి రాగానే అతను సిగరెట్టు వెలిగించాడు. పిల్లల కోసం పరీక్షలని అత్తగారికి చెప్పారు. మనవణ్ణి ఎత్తుకోవాలని ఆవిడకి మహా తొందర.

ఇప్పుడు సూది చూసేసరికి ఇదీ వరస.

"నీ ల్యాబులో నన్నెరగని వాళ్లున్నారా?" అన్నాడు అతను. "ఏదైనా తేడా వచ్చిందంటే రేపటికి జిమ్ అంతా నవ్వుకుంటుంది. ఆ కుర్రాళ్ల ముందు ఎలా నిలబడను?"

"నవ్వితే నవ్వనీ. ప్రాణం కంటేనా?"

"నీకేం, ఎన్నైనా చెబుతావు."

అతను రెండు చేతులూ జోడించాడు. అంత మనిషి అలా బతిమాలడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

హాల్లో కుట్టు మిషను ఆగింది. "ఏమ్మా, అయిందా?"

"అయిపోవచ్చింది అత్తయ్యా" అంటూ ఆమె తలుపు గడియ పెట్టింది.

కాసేపటికి ట్రేతో బయటికి వచ్చింది. రెండు గొట్టాలూ నిండి ఉన్నాయి. వెనకే అతను చేయి మడిచి, దూది నొక్కుకుంటూ వచ్చాడు.

"ఏరా, ఏడ్చావా?" అంది అత్తగారు.

"నీ కోడలి చెయ్యే అమ్మా. నొప్పే తెలియలేదు."

రిపోర్టులో అన్నీ హద్దుల్లోనే వచ్చాయి. నాళాలు బాగానే ఉన్నట్టున్నాయి, మనసులో భయం పోతే చాలని డాక్టరు పంపేశాడు. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివింది. "మావాడి రక్తం కడిగిన ముత్యం" అని పక్కింటావిడకి చూపించింది.

అప్పుడు కోడలి వైపు తిరిగింది. "ఇక చూపించుకోవాల్సింది నువ్వేనమ్మా." మొదట మెత్తగానే అంది. నెల తిరిగేసరికి ఆ మెత్తదనం పోయింది. ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ అదే మాట, అదే కాగితం.

ఆమె తల వంచుకుంది. ఏదో చెప్పబోయి అతని వైపు చూసింది. కొన్నాళ్లు అతను చూపు తిప్పుకునేవాడు. తరువాత తిప్పుకోవడం కూడా మానేశాడు.

"మళ్లీ ఒక్కసారి చేయిద్దాం. నీకు దణ్ణం పెడతా" అంది ఒకరోజు.

"దేనికి? నా రిపోర్టు చూశావుగా" అన్నాడు, తల్లి వింటూండగా. "లోపం నీలో పెట్టుకుని నా మీద పడతావేం?"

మర్నాడు డబ్బా మూత కింద బొమ్మ లేదు. ఆ తరువాత ఎప్పుడూ లేదు.

ఒక ఉదయం, ఎవరికో బరువెత్తడం చూపిస్తూ కండల మాస్టారు ఛాతీ పట్టుకుని కూలిపోయాడు.

ఆసుపత్రి వరండాలో గుండె డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అత్తగారు సంచిలోంచి ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. "చూడండి బాబూ. నా బిడ్డకి ఏ రోగమూ లేదు."

డాక్టరు అది చదివాడు. మళ్లీ చదివాడు.

"మూడు నాళాలూ పూడిపోయాయమ్మా. నిన్న మొన్నటి పూడిక కాదు. ఈ రక్తం చూస్తే ఇంత శుభ్రంగా ఉంది. నాకేం అర్థం కావడం లేదు. ల్యాబులో గొట్టాలేమైనా మారాయేమో."

"మారడానికి లేదు బాబూ. మా కోడలే ఇంట్లో తీసింది. తనే పట్టుకెళ్లింది."

కోడలు ఎడమ మోచేతి మడతని కుడి అరచేత్తో కప్పుకుంది; పరీక్షల నాడు గడియ వేసిన తలుపు వెనక, రబ్బరు పట్టీ కొసని పళ్లతో బిగించి, ఆ రెండు గొట్టాలూ ఆమె నింపింది అక్కడినుంచే.