పెద్ద గోడౌను

“అన్నీ తెచ్చి ఈ ఒక్క గోడౌన్లోనే పోస్తాండారు. ఇది నడవదు,” అంది దీవెన.

అజయ్ కుమార్ ముఖం చిన్నబోయింది. పెళ్ళిచూపుల కోసం ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వచ్చాడు. కాసేపు మాట్లాడుకోండని పెద్దవాళ్ళు ఇద్దరినీ పక్కగదిలోకి పంపారు. ఏం మాట్లాడాలో తెలియక చాలాసేపు నేల చూపులు చూశారు. చివరికి ఫ్యాక్టరీలు కట్టే వీడియో గేమ్ ఒకటి ఇద్దరూ ఆడతారని ఎలాగో బయటపడింది. అంతే, అజయ్ సంబరంగా ఫోన్ తీసి తన ఫ్యాక్టరీ చూపించాడు. గనుల నుంచి ఇనుము, రాగి, బొగ్గు బెల్టుల మీద వచ్చి మధ్యలో ఉన్న పెద్ద గోడౌన్లో పడతాయి. ఏ యంత్రానికి కావలసింది ఆ యంత్రానికి అక్కడి నుంచే వెళుతుంది. కావాలంటే ఇంకొకరు కూడా ఆ ఫ్యాక్టరీలోకి వచ్చి కలిసి ఆడొచ్చు.

“ఎందుకు నడవదు? మొదట్నుంచీ ఇట్లే నడుస్తాంది,” అన్నాడు.

“రాగి నిండిపోయిందనుకోండి. వచ్చే రాగి బెల్టు మీదే ఆగిపోతుంది. దాని ఎనకాల వచ్చే ఇనుమూ ఆగిపోతుంది. ఒకదానివల్ల అన్నీ నిలబడిపోతాయి.”

“మరి మీరెట్ల కడతారు?”

“ఏ యంత్రం పక్కన దానికి చిన్న గోడౌను.”

“అప్పుడు ఒకచోట కుప్పలు పడుంటాయి, ఇంకోచోట ఏమీ ఉండదు. అన్నీ ఒకచోట ఉంటే ఏది తక్కువైనా సర్దొచ్చు.”

ఆట మాట వచ్చేసరికి ఇద్దరికీ సిగ్గు పోయింది. గొంతులు పెరిగాయి.

హాల్లో ఉగ్గాని తింటున్న యోహాను చేయి ఆగిపోయింది. ఆయన అజయ్‌కి పెదనాన్న. ఆళ్ళగడ్డలో తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు అందరూ ఆయన దగ్గరే. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. తండ్రి లేని అజయ్‌ని చదివించిందీ, అతని తల్లి జీవమ్మను చూసుకుంటున్నదీ ఆయనే.

తలుపు సందులోంచి దీవెన గొంతు స్పష్టంగా వినిపించింది.

“అన్నీ ఒకేచోట అంటే నాకు కుదరదు. ముందే చెప్తాండా. వేరు చేయాల్సిందే.”

“ఇంత కష్టపడి నిలబెట్టింది పగలగొట్టమంటే ఎట్ల?” ఇది అజయ్ గొంతు.

“పగలగొట్టకుంటే నేను మీ దాంట్లోకి రానే రాను.”

దీవెన తండ్రి కరుణాకర్ నోటి దాకా తెచ్చిన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. జీవమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుని కూర్చుంది. యోహాను చేయి కడుక్కుని లేచాడు.

“మంచిదప్పా. మేం పోయొస్తాం.”

“కూర్చోన్నా. మా పాప అట్లాంటిది కాదు,” అన్నాడు కరుణాకర్.

“నా చెవులతో వింటి గదప్పా. ఇంట్లోకి అడుగు పెట్టకముందే పగలగొట్టమంటాంది.” ఆయన గొంతులో కోపం లేదు. కండువా సర్దుకుని గుమ్మం వైపు చూశాడు. “నేను బతికుండగా ఆ పొయ్యి రెండు కావడం చూడలేనప్పా.”

కరుణాకర్ గబగబా వెళ్ళి గది తలుపు తోశాడు. ఇద్దరి తలలూ ఒకే ఫోన్ మీదకు వంగి ఉన్నాయి.

“ఏమ్మా, వేరు కాపురం మాట ఇప్పుడే తేవాల్నా?”

దీవెన అయోమయంగా చూసింది. “కాపురమేంది నాయనా? మేం గోడౌను గురించి మాట్లాడుకుంటాండాం.”

అజయ్‌కి విషయం అర్థమై చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ పట్టుకెళ్ళి పెదనాన్న చేతిలో పెట్టాడు. దీవెనా వెనకే వచ్చింది. యోహాను కళ్ళజోడు పెట్టుకుని, బెల్టుల మీద నడిచిపోతున్న ముక్కలను చాలాసేపు చూశాడు.

“ఏందీ, ఈ ఇనుప ముక్కలకా మీరిద్దరూ కొట్లాడింది?”

“ఇనుము కాదు పెదనాయనా, రాగి,” అన్నాడు అజయ్ నెమ్మదిగా.

ముసలాయన భుజాలు ముందు కదిలాయి. నవ్వు తర్వాత వచ్చింది. కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇంతకూ ఎవరు గెలిచినారు?”

“ఎవరూ గెలవలేదు మామా,” అంది దీవెన. “యాడికాడ చిన్నవి పెడతాం. అవి నిండినాక మిగిలిందంతా పెద్దదాంట్లోకి పోతుంది. దేనికి తక్కువైతే దానికి పెద్దది ఇస్తుంది. పగలగొట్టే పని లేదు.”

ఆమె తనను వరస పెట్టి పిలిచింది. యోహాను ఆమె తల మీద చేయి పెట్టాడు.

“మా ఇంటికి ఇట్లాంటి పిల్లే కావాల కరుణాకరప్పా.”

అందరూ లేచి నిలబడ్డారు. యోహాను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే హాలంతా ఒక్కసారిగా మాటలతో నిండిపోయింది. మగవాళ్ళు పెళ్ళి ఏ నెలలో పెట్టుకోవాలా అని మాట్లాడుకోసాగారు.

దీవెన ఖాళీ ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే జీవమ్మ వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఆమె నోరు విప్పింది ఇప్పుడే.

“పాపా, నిజంగా ఆట గురించేనా?”

“నిజంగానే అత్తా. పాపం, మీరు కూడా భయపడినారా?”

జీవమ్మ హాలు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“భయమేందిమ్మా. నేనూ మీతోపాటే వచ్చేద్దామని, ఏ చీరలు సర్దుకోవాల్నా అనుకుంటా కూర్చుంటి.”