పిడికెడు ఉప్పు

ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు. రేవు చివర వంగి సముద్రంలో సీసా ముంచుతున్నాడు.

షిగెనోకు ఒళ్ళు మండింది. ఆల్చిప్పలు ఒలిచే కత్తి పడేసి షెడ్డులోంచి బయటికి వచ్చింది.

నాలుగేళ్ళ కిందట ఇలాగే ఎవరో నీళ్ళు పట్టుకెళ్ళారు. ఇక్కడి ఆల్చిప్పలు తినకూడదని పత్రికలో పడింది. ఆ చలికాలమంతా బేరం లేదు. ఇప్పుడేమో రెండు వేసవులుగా తెప్పల కింద తాళ్ళకు పెరిగే ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి చచ్చిపోతున్నాయి. ఇంకో ఏడు ఇలాగే పోతే తెప్పలు అమ్ముకోవలసిందే.

"ఈసారి ఏ పత్రికకి, పెద్దాయనా?"

"పత్రికకి కాదమ్మా. మీ వేలు వాచింది. చిప్ప గీరుకుందా?"

"నా వేలి సంగతి నీకెందుకు? ముందు నీ చెయ్యి మా నీళ్ళలోంచి తీయ్."

షెడ్డులో ఆడవాళ్ళు నవ్వారు.

గిట్టనివాడు వెళ్ళాక వెనక ఉప్పు చల్లడం అక్కడి అలవాటు. షిగెనో అతను వెళ్ళేదాకా ఆగలేదు. పిడికెడు ఉప్పు తెచ్చి మొహానే కొట్టింది.

అతను కళ్ళజోడు తుడుచుకుని సీసాలోకి చూశాడు.

"ఇందులో పడింది. లెక్క తప్పుతుంది."

"సముద్రానికి నా ఉప్పొక లెక్కా?"

అతను నీళ్ళు పారబోసి, సీసా కడిగి, మళ్ళీ వంగాడు.

ఆ తర్వాత కూడా ప్రతి సోమవారం బస్సు దిగేవాడు. షిగెనో ఉప్పు డబ్బా రేవు దగ్గరే పెట్టుకుంది.

వసంతంలో రావడం మానేశాడు. తన ఉప్పు పనిచేసిందని ఆమె అందరికీ చెప్పుకుంది.

ఎండలు ముదరకముందే పరిశోధన కేంద్రం నుంచి కనాయే అనే అమ్మాయి వచ్చింది. పైనీరు కాగి ఆల్చిప్పలు చస్తున్నాయనీ, తాళ్ళు రెండు బారలు కిందికి దించమనీ చెప్పింది. దించారు. ఆ ఏడు ఆల్చిప్పలు బతికాయి.

తొలి కోతలో మొదటి బుట్ట మేలు చేసినవారిది. షిగెనో తానే మోసుకెళ్ళి కనాయే ముందు పెట్టింది.

కనాయే తీసుకోలేదు. ఈ పరిశోధన మురాకి డాక్టర్ గారి చలవేననీ, ఆసుపత్రి అమ్మి డబ్బంతా దీనికే ఇచ్చారనీ, ఏప్రిల్‌లో పోయారనీ చెప్పింది.

"ఒక్కసారైనా మా రేవుకి తీసుకురావలసింది" అని షిగెనో నొచ్చుకుంది. "ఆ సీసాల ముసలాడు వారం వారం తగలడ్డాడు గానీ, ఇలాంటి మనిషి ఒక్కడూ రాలేదు."

కనాయే డాక్టర్ గారి నోటుపుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టింది.

చివరి సోమవారం తేదీ కింద ఇలా ఉంది: "ఉప్పు చల్లారు, సీసా కడిగి మళ్ళీ నింపాను, ఆవిడ వేలి వాపు తగ్గింది."