ఒక పూట పాఠం

కొత్తగూడ బ్యాడ్మింటన్ కోర్టులో ఆడుతూ ఆడుతూనే లింగమూర్తి కుప్పకూలాడు. అందరూ నీళ్లు తెమ్మని కేకలేస్తుంటే, పక్క కోర్టులోంచి ప్రియదర్శిని పరుగున వచ్చి, అతని ఛాతీని రెండు చేతులతో అదమసాగింది. అంబులెన్స్ వచ్చేసరికి అతను ఊపిరి తీసుకుంటున్నాడు.

దవాఖానలో అతని భార్య ప్రియదర్శిని చేతులు వదల్లేదు.

"నువ్వు డాక్టరమ్మవా బిడ్డా?"

"కాదమ్మా, సాఫ్ట్‌వేర్. గుండె ఆగితే ఏం చెయ్యాల్నో ఆన్‌లైన్‌ల ఫ్రీగ నేర్పిస్తరు. ఒక్క పూట చాలు."

"ఒక్క పూటేనా! నా పుస్తె నిలబెట్టినవ్ తల్లీ."

ప్రియదర్శినికి సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. ఊరికే తలూపింది.

ఆ పాఠం ఆమె విన్నది పోయినేడు, భర్త దినాలైన మర్నాడు. అతను అదే కోర్టులో పడిపోయినప్పుడు, అంబులెన్స్ వచ్చేదాకా అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.