వెబ్‌సైట్‌లో నా ఫొటో

సూళ్లూరుపేటలోని మా హోటల్‌కు వెబ్‌సైట్ తయారైందని తమ్ముడు భాస్కర్ ఫోను తెచ్చి చూపించాడు. చేపల పులుసు ఫొటో పక్కనే నా ఫొటో ఉంది. పాతికేళ్లుగా ఆ పులుసు వండేది నేనే. మారు వడ్డనకు గరిటె పట్టుకుని బల్లల దగ్గరికి వెళ్లేదీ నేనే.

"బాగా పెట్టినావురా," అన్నాను.

"కింద చదువక్కా."

కళ్లజోడు పెట్టుకుని చదివాను. 'స్వర్గస్థురాలైన మా అమ్మ చేతి రుచి' అని ఉంది.

"అమ్మ ఫొటో ఒక్కటీ లేదు గదక్కా. నన్ను సాకింది నువ్వే, నాకు అమ్మవి నువ్వే. కథ ఉంటేనే జనం వస్తారని సైటు చేసినాయన చెప్పినాడు."

"నేను బతికే ఉండాను గదరా."

"అందుకే చెప్తుండా. రేపట్నుంచి గరిటె పట్టుకోని బయటికి రాబాక. చూస్తే నవ్విపోతారు."

మర్నాడు వంటింట్లోనే ఉండిపోయాను. తెర అవతల ఎవరో, "పులుసు అమృతం. ఆ తల్లి ఏ లోకాన ఉందో!" అన్నారు.

"అంతా ఆమె దీవెన సార్," అన్నాడు భాస్కర్. గొంతు కూడా వణికించాడు.

సాయంత్రం దీపం పెట్టి, ఎప్పటిలాగే వాడికి ఆయుష్షు ఇవ్వమని దేవుణ్ణి వేడుకున్నాను. నాకేం అడగాలో తోచలేదు.