కంప్యూటర్ రాసిన సినిమా

ఆస్ట్రేలియాలోని జీలాంగ్ ఊళ్ళో, థియేటర్లో సినిమా అయిపోయేసరికి ఇద్దరే మిగిలారు. మరమనుషులు లోకాన్ని ఏలే కథ అది. జనం ఏడవాల్సిన చోటల్లా నవ్వి, నవ్వాల్సిన చోట లేచిపోయారు.

"దీన్ని మనిషన్నవాడు రాసుండడు అమ్మాయ్. ఏ కంప్యూటరో రాసుంటుంది," అంది పక్క సీట్లోని ముసలావిడ థెల్మా.

"అవునంటండీ, నేనూ విన్నాను," అని నవ్వింది బ్రాంటీ.

"కానీ ఆ మరమనిషి, పోయిన ముసలాయన చెప్పుల్ని రోజూ హీటర్ పక్కన పెడుతుంది చూడు, అక్కడ ఏడ్చేశాను. మా ఆయనవి నేనూ అలాగే పెడుతున్నా. అది మాత్రం మనిషే రాసుంటాడు."

బ్రాంటీ ఆవిడ వైపు తిరిగింది.

"అది నేనే రాశానండీ. మా నాన్న చెప్పులవి."

"మరి మిగతాదంతా?"

"అదీ నేనేనండీ."

థెల్మా ఆమె చెయ్యి పట్టుకుంది.

"పర్లేదులే. ఎవరైనా అడిగితే మిగతాది కంప్యూటరే రాసిందని చెప్పు."