కుడికాలి బూటు

ఆస్పత్రుల్లో రోగుల పొట్టలో కొవ్వు తీసి బొంబాయి కంపెనీలకు అమ్ముకుంటున్నారట.

అల్మాస్‌గూడలో పక్కింటి అండాలమ్మ ఈ కబురు మోసుకొచ్చింది. ఆమెకు చంపాపేట్‌లో కూరగాయలమ్మే మనిషి చెప్పిందట. ఆ మనిషికి ఎవరు చెప్పారో అండాలమ్మ అడగలేదు.

"మొఖానికి రాసే క్రీములల్ల కలుపుతరంట సైదమ్మా. ఏడ వడితే ఆడ సంతకం పెట్టకు" అని మాత్రం గట్టిగా చెప్పింది.

ఆ మాట చెవిలో పెట్టుకునే సైదమ్మ మర్నాడు మొగుణ్ని ఎల్బీనగర్ ఆస్పత్రికి తీసుకొచ్చింది.

అంతయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో నడుపుతాడు. ఏడు నెలలుగా కుడి మడమ మీద షుగర్ పుండు. బ్రేకు తొక్కే కాలు అదే.

డాక్టర్ బిందుమాధవి కట్టు విప్పి చూసింది.

"ఈ వారం పుండు శుభ్రంగా ఉంది. మళ్లీ చీము పడితే కాలు దక్కడం కష్టం. కొత్త పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నాం. మీకిష్టమైతేనే చేస్తాను."

"ఏం చేస్తరు మేడమ్?" అన్నాడు అంతయ్య.

"మీ పొట్ట దగ్గరి కొవ్వు కొంచెం తీస్తాం. అందులో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలుంటాయి. వాటి ముక్కలు వేరుచేసి పుండులో పెడతాం. అవి ఒకదానికొకటి అతుక్కుంటే అక్కడ రక్తం పారుతుంది. రక్తం పారితే పుండు మానుతుంది."

"పొలానికి పిల్లకాల్వలు తీసినట్టు."

"అంతే."

"నా పొట్టల కొవ్వేడిది మేడమ్? కావాలంటే మా ఆమె దగ్గర తీస్కోండ్రి."

సైదమ్మ నవ్వలేదు. "ఎందరికి బాగైంది?"

"ఇప్పటిదాకా ఒక్కరికే చేశాం. బాగైంది."

"ఎవరామె? ఎవరాయన?"

"పేరు చెప్పకూడదమ్మా. మీకూ అలాగే అవుతుందని మాటివ్వలేను. రేపు పొద్దున ఆపరేషన్ థియేటర్ దొరికింది. నాలుగింటిలోపు ఏ సంగతో చెప్పండి."

డాక్టర్ ఇచ్చిన ఒప్పుదల కాగితం అంతయ్య భార్య చేతికిచ్చాడు. "నువ్వు పెట్టమంటే పెడ్త."

బయట బెంచీ మీద కూర్చున్నారు. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు మందపాటి నల్ల బూట్లు. తల వంచి సైదమ్మ చేతిలోని కాగితం చూస్తున్నాడు.

"ఏ కాలండీ?" అన్నాడు.

సైదమ్మ కాగితం మడిచింది.

"కుడికాలు" అన్నాడు అంతయ్య.

"షుగరెంత ఉంది?"

"నీకెందుకు?" అంది సైదమ్మ.

"సంతకం పెట్టేయండమ్మా. భయపడకండి. బాగవుతుంది."

సైదమ్మకు ఒళ్లు మండింది. డాక్టరే మాటివ్వనంటుంటే వీడెవడు? ఆస్పత్రుల ముందు పేషెంట్లను పట్టుకొచ్చే బ్రోకర్ల గురించి ఆమె చాలానే వింది.

"మనిషికెంత ముట్టజెప్తరు నీకు?"

"ఎవరమ్మా?"

"కొవ్వు తీస్కపోయేటోళ్లు."

ఆయన తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు పని చెడగొట్టింది.

"నవ్వుతున్నవా? మా బతుకు నీకు నవ్వులాటగున్నదా?"

"అయ్యో, అది కాదు తల్లీ. నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక్క నిమిషం..."

ఆయన గబుక్కున వంగి కుడికాలి బూటు పట్టీ లాగాడు.

సైదమ్మ దిగ్గున లేచింది. మాటా మాటా పెరిగాక మగవాడి చేయి కాలి దగ్గరికి పోతే, దానికి ఆమె ఎరిగిన అర్థం ఒక్కటే.

"చెప్పు తీస్తవా? ఆడిదాని మీద చెప్పు లేపుతవా?"

వరండా అంతా ఇటు తిరిగింది.

"కాదమ్మా, ఇది చూడండి..."

"ఏంది చూసేది? కొట్టు, దమ్ముంటే కొట్టు!"

బెంచీ మీంచి లేవబోయి అంతయ్య మడమ నొప్పికి మళ్లీ కూలబడ్డాడు. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి పెద్దాయన భుజం పట్టుకున్నాడు.

"ఎవరి తాలూకు నువ్వు?"

"ఎవరి తాలూకూ కాదు బాబూ. నేను కూడా ఇక్కడే..."

"ఇక్కడే బిజినెస్ పెట్టినవా? నడువ్, బయట మాట్లాడు."

సగం ఊడిన బూటు నేలమీద ఈడుస్తూ ఆయన వెళ్లిపోయాడు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. సైదమ్మ మొహం తిప్పుకుంది.

నాలుగింటికి కాగితం బెంచీ మీదే ఉంది. సంతకం లేదు. ఆటో అల్మాస్‌గూడ దారి పట్టింది.

పదహారో రోజు అంతయ్యకు చలిజ్వరం వచ్చింది. చీము పిక్కదాకా పాకింది. ఇరవయ్యో రోజున మోకాలి కిందికి కాలు తీసేశారు.

కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ వచ్చారు. నర్సు స్వప్న కట్టు మారుస్తోంది. గొడవ జరిగిన రోజు ఆమె సెలవులో ఉంది.

సైదమ్మ మొగుడి కాలు వంక చూడలేక కిటికీ వంక చూస్తూ మాట్లాడింది.

"ఒక్కటి నయమైంది బిడ్డా. గా బ్రోకరు మాట ఇనలె. ఇన్నుంటే కొవ్వు గూడ పొయ్యేది, కాలు గూడ పొయ్యేది."

స్వప్న చేతిలో కత్తెర ఆగింది.

"ఏ బ్రోకరు?"

"నల్ల బూట్ల ముసలాయన. మొగోడు కొట్టనీకి బూటు దీసిండు నా మీద. ఇంకా వస్తున్నడా?"

"శ్రీరామమూర్తి గారా? వస్తరు. మూడు నెలలకోసారి, చెకప్‌కు."

"బ్రోకరుకు చెకప్ ఏందే?"

స్వప్న తలుపు వంక చూసింది. తలుపు మూసే ఉంది.

"చెప్పొద్దు గానీ చెప్తున్న. మేడమ్ చెప్పిన ఆ ఒక్కరు ఆయనే అమ్మా. మానిన మడమ మీకు చూపెడదామనే బూటు ఇప్పబోయి ఉంటడు."